మూలపడిన గొరిల్లా మళ్ళీ వచ్చింది

అమ్ముడుపోని యంత్రాల కోసం పుట్టిన ఒక బొమ్మ, పదమూడేళ్ళ తరువాత మరొక ముసలి యంత్రానికి ఊపిరి పోసిన వృత్తాంతం

ఎర్రని ఉక్కు దూలాల మీద, నెరిసిన గడ్డంతో ఒక ముసలి గొరిల్లా నిలబడి ఉంటుంది. పక్కనే పాతకాలపు గ్రామఫోను. గొరిల్లా దాని పిడిని తిప్పుతూ ఉంటే, ఒకనాడు నాణెం వేసి ఆడే యంత్రాలలో మోగిన చిన్న బాణీ సన్నగా వినిపిస్తుంది. ఇంతలో పైనుంచి ఒక పడుచు గొరిల్లా ధభాలున దూకుతుంది. మెడలో ఎర్రని టై, వెంట పెద్ద స్టీరియో. ఆ అదురుకు ముసలి గొరిల్లా ఎగిరి అవతల పడుతుంది. ఉక్కు దూలాలు మాయమై వాటి స్థానంలో చెట్లు, పచ్చిక మొలుస్తాయి. ఇందాకటి బాణీయే ఇప్పుడు కొత్త వాద్యాల హోరులో మోగుతుంది. దానికి తగినట్లు పడుచు గొరిల్లా చిందులు వేస్తుంది.

1994 నవంబరులో విడుదలైన 'డాంకీ కాంగ్ కంట్రీ' అనే వీడియో ఆట ఈ దృశ్యంతో ఆరంభమవుతుంది. జపాన్ దేశపు నింటెండో సంస్థ తన పాత కథానాయకుణ్ణి తానే ఎగతాళి చేసుకుంటున్నట్లు కనిపించే ఈ చిన్న ఘట్టం వెనుక రెండు సంక్షోభాల చరిత్ర ఉంది.

'పాత ఒక రోత, కొత్త ఒక వింత' అని సామెత. ఆటవస్తువుల మార్కెట్టులో ఈ సామెతకు తిరుగు లేదు. నిన్నటి బొమ్మను నేటి పిల్లవాడు కన్నెత్తి చూడడు. అటువంటి రంగంలో, పదకొండేళ్ళుగా కొత్త ఆట ఎరుగని ఒక గొరిల్లా తిరిగి వచ్చి తొంభై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయే ఆటకు నాయకుడు కావడం సామాన్యమైన సంగతి కాదు. అంతకు మించిన విశేషం మరొకటి ఉంది. ఈ గొరిల్లా మొదట పుట్టినప్పుడూ, మళ్ళీ లేచినప్పుడూ కూడా ఆ సంస్థ చేతిలో ఉన్నది పాతబడిన యంత్రమే. రెండుసార్లూ ఆ యంత్రాన్ని పారవేయకుండా దానిలోకి కొత్త ఆలోచనను ఎక్కించడం వల్లనే గండం గడిచింది.

గిడ్డంగిలో రెండు వేల పెట్టెలు

నింటెండో 1889లో క్యోటో నగరంలో పువ్వుల బొమ్మల పేకముక్కలు తయారుచేసే చిన్న దుకాణంగా ఆరంభమైంది. స్థాపకుని వంశానికే చెందిన హిరోషి యమౌచి 1949లో దానికి అధ్యక్షుడై, క్రమంగా ఆటబొమ్మల వైపు, అటు తరువాత ఎలక్ట్రానిక్ ఆటల వైపు మళ్ళించాడు. 1980లో ఆయన తన అల్లుడు మినోరు అరకవను అమెరికా శాఖ నెలకొల్పడానికి పంపాడు.

ఆ రోజుల్లో అమెరికాలో నాణెం వేసి ఆడే వీడియో యంత్రాల గిరాకీ పరాకాష్ఠలో ఉంది. బీరువా అంత ఎత్తున్న చెక్కపెట్టె, అందులో టెలివిజన్ తెర, ఒక మీట, ఒకటి రెండు మీటలొత్తులు. ఇవి హోటళ్ళలో, సారాదుకాణాలలో, ఆటశాలలలో బారులు తీరి ఉండేవి. అరకవ ధైర్యం చేసి 'రాడార్ స్కోప్' అనే అంతరిక్ష యుద్ధపు ఆట యంత్రాలను మూడు వేలు జపాన్ నుంచి తెప్పించాడు. ఓడలో అవి అమెరికా చేరడానికి నెలలు పట్టింది. అవి వచ్చేసరికి జనం మోజు మరొక వైపు తిరిగిపోయింది. అతి కష్టం మీద వెయ్యి అమ్ముడయ్యాయి. మిగిలిన రెండు వేలు గిడ్డంగిలో దుమ్ము పట్టసాగాయి. అప్పుడే కాలూనుతున్న శాఖకు అది ప్రాణాంతకమైన దెబ్బ.

అరకవ మామగారిని ఒక్కటే కోరాడు: ఈ పెట్టెలలోనే అమర్చడానికి వీలైన కొత్త ఆట ఒకటి కావాలి. క్యోటోలో ఆ పని షిగెరు మియామోటో అనే యువకునికి అప్పగించారు. ఆయన ఇంజనీరు కాదు. కనజావాలో పారిశ్రామిక చిత్రకళ చదివి 1977లో సంస్థలో చేరిన చిత్రకారుడు. ఆయనకు మార్గదర్శిగా గున్‌పే యోకోయ్ అనే అనుభవజ్ఞుణ్ణి నియమించారు.

మొదట వారు 'పపాయ్' అనే ప్రసిద్ధ అమెరికన్ బొమ్మకథలోని పాత్రలతో ఆట రూపొందించాలనుకున్నారు. ఆ హక్కులు అప్పట్లో లభించలేదు. దానితో మియామోటో ఆ ముగ్గురి ముక్కోణపు కథనే ఉంచి, పాత్రలను మార్చాడు. పపాయ్ స్థానంలో ఒక వడ్రంగి, అతని ప్రత్యర్థి స్థానంలో ఒక గొరిల్లా, అపహరణకు గురైన ఒక యువతి. ఇంగ్లీషులో గాడిదను సూచించే 'డాంకీ' అనే మాటలో మొండితనం, మందబుద్ధి అనే అర్థాలు ఉన్నాయని ఆయన భావించాడు. 'కాంగ్' అనగానే గొరిల్లా స్ఫురిస్తుంది. ఆ విధంగా 'డాంకీ కాంగ్' అనే విచిత్రమైన పేరు ఏర్పడింది.

ఒక గెంతు కనిపెట్టిన కథ

ఆట చూడటానికి అతి సులభం. కట్టుబడిలో ఉన్న భవనం ఉక్కు దూలాల మీదికి గొరిల్లా యువతిని ఎత్తుకుపోయింది. పైనుంచి పీపాలు దొర్లిస్తూ ఉంటుంది. వడ్రంగి నిచ్చెనలు ఎక్కుతూ పైకి చేరుకోవాలి. మొదటి ఆలోచనలో నిచ్చెనలు ఎక్కి తప్పించుకోవడం ఒక్కటే ఉండేది. దొర్లి వస్తున్న పీపా ఎదురైతే మనిషి ఏం చేస్తాడు అన్న ప్రశ్నకు జవాబుగా మీటలొత్తు నొక్కితే ఎగిరి దూకే సదుపాయం వచ్చింది. ఒక అంతస్తు నుంచి మరొక అంతస్తుకు, ఒక గట్టు నుంచి మరొక గట్టుకు దూకుతూ సాగే ఆటలకు తరువాతి కాలంలో 'ప్లాట్‌ఫారమ్ ఆటలు' అన్న పేరు స్థిరపడింది. ఆ సంతతి అంతటికీ ఈ గెంతును మూలపురుషునిగా చెప్పుకోవచ్చు. వడ్రంగికి మొదట పెట్టిన పేరు కూడా 'జంప్‌మన్', అంటే దూకేవాడు.

నాలుగు ఘట్టాలు: ఏటవాలు దూలాలు, కదిలే పట్టాలు, పైకీ కిందికీ తిరిగే లిఫ్టులు, చివర ఎనిమిది రివెట్లు. ఆ రివెట్లన్నీ ఊడదీస్తే కట్టడం కూలి గొరిల్లా తలకిందులుగా పడుతుంది. అంతవరకు వచ్చిన ఆటలలో ఎక్కువ భాగం ఎడతెగని కాల్పులే. ఇక్కడ మాత్రం కథకు ఒక ఆది, ఒక నడక, ఒక ముగింపు ఉన్నాయి. ఆనాటి తెర మీద వడ్రంగి బొమ్మకు దక్కిన చోటు అతి స్వల్పం. నోరు గీయడానికి వీలు లేక మీసం పెట్టారు. జుట్టు కదలికలు చూపడం కష్టమని టోపీ తొడిగారు. చేతుల కదలిక కనబడాలని రెండు రంగుల దుస్తులు వేశారు. లోకమంతా ఎరిగిన ఆ రూపం పేదరికంలో చేసుకున్న సర్దుబాట్ల ఫలితమన్న మాట.

కొత్త విద్యుత్ పలకలు జపాన్ నుంచి సియాటిల్ సమీపంలోని గిడ్డంగికి చేరాయి. అరకవ, ఆయన భార్య, వేళ్ళ మీద లెక్కించదగిన కొద్దిమంది ఉద్యోగులు కలిసి రెండు వేల పెట్టెలను ఒక్కొక్కటిగా విప్పి, పాత పలకలు తీసి కొత్తవి బిగించారు. ఆ సమయంలోనే గిడ్డంగి యజమాని మారియో సెగాలే పేరును వడ్రంగికి పెట్టారు. ప్రపంచ ప్రసిద్ధుడైన 'మారియో' నామకరణం ఆ విధంగా జరిగింది. ఊరిలోని రెండు సారాదుకాణాలలో ప్రయోగాత్మకంగా ఉంచిన యంత్రాలు రోజూ నాణేలతో నిండిపోవడంతో, గిడ్డంగిలోని సరుకంతా చెల్లిపోయింది. 1982 మధ్యకల్లా అమెరికాలో సుమారు అరవై వేల డాంకీ కాంగ్ యంత్రాలు అమ్ముడయ్యాయి.

ఆ విజయం చూసి యూనివర్సల్ చలనచిత్ర సంస్థ, ఇది తమ 'కింగ్ కాంగ్'కు అనుకరణ అని 1982లో దావా వేసింది. నింటెండో తరఫు న్యాయవాది జాన్ కర్బీ, కింగ్ కాంగ్ కథ ఎవరి సొత్తూ కాదని అదే యూనివర్సల్ సంస్థ 1970 దశకంలో మరొక వ్యాజ్యంలో వాదించి నెగ్గిన సంగతిని న్యాయస్థానం ముందుంచాడు. దావా వీగిపోయింది. 1984లో అప్పీలులోనూ అదే తీర్పు వచ్చింది. కృతజ్ఞతగా నింటెండో ఆ న్యాయవాదికి ఒక తెరచాప పడవను బహూకరించింది. ఆ పడవ పేరు 'డాంకీ కాంగ్'.

వడ్రంగి వెలుగులో గొరిల్లా నీడ

అయితే ఈ కీర్తి ఎక్కువ కాలం నిలవలేదు. 1982లో వచ్చిన 'డాంకీ కాంగ్ జూనియర్'లో పాత్రలు తారుమారయ్యాయి. వడ్రంగి గొరిల్లాను బోనులో పెడితే, దాని కొడుకు తండ్రిని విడిపించాలి. 1983లో వెలువడిన మూడవ ఆట జనాన్ని ఆకర్షించలేకపోయింది. అదే సంవత్సరం అమెరికాలో ఇంటింటి వీడియో ఆటల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకపు ఆటలు వెల్లువెత్తి, దుకాణదారులు సరుకును కారుచౌకగా వదిలించుకున్నారు. నింటెండో తన కొత్త ఇంటి యంత్రంతో ఆ శిథిలాల మీద తిరిగి నిర్మించుకున్నప్పుడు దానికి ధ్వజం పట్టినవాడు గొరిల్లా కాదు, వడ్రంగి. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' లోకాన్ని ఊపివేసింది. తనను సృష్టించిన కథలోనే గొరిల్లా ఒక జ్ఞాపకంగా మిగిలాడు. ఏవో పోటీ ఆటలలో ఒక మూల కనిపించడం తప్ప అతనికి సొంత కథ లేకపోయింది.

ఈ విధంగా పదకొండేళ్ళు గడిచాయి.

1994 నాటికి నింటెండోకు మరొక గడ్డుకాలం వచ్చింది. 1990లో జపాన్‌లోనూ మరుసటి ఏడు అమెరికాలోనూ విడుదలైన దాని 'సూపర్ నింటెండో' యంత్రం పదహారు బిట్ల తరానికి చెందినది. సెగా సంస్థ దానితో హోరాహోరీగా పోరాడుతోంది. అంతకంటె శక్తిమంతమైన ముప్పైరెండు బిట్ల యంత్రాలు, సెగా వారి 'శాటర్న్', సోనీ వారి 'ప్లేస్టేషన్', 1994 చివరలో జపాన్ మార్కెట్టులోకి దిగుతున్నాయి. నింటెండో వారి తరువాతి యంత్రం సిద్ధం కావడానికి మరి రెండేళ్ళు పట్టే సూచనలు ఉన్నాయి. అంతవరకు పాత యంత్రంతోనే నెట్టుకురావాలి.

డాంకీ కాంగ్ పుట్టుకకు తోడ్పడిన యోకోయ్‌కి ఒక సిద్ధాంతం ఉండేది. 'వాడిపోయిన సాంకేతిక పరిజ్ఞానాన్ని పక్కదారిన ఆలోచించి వాడుకోవడం' అని దానిని చెప్పుకునేవారు. అందరికీ అలవాటై, చౌకబడిన పరికరాన్నే ఇంతవరకు ఎవరికీ తట్టని పనికి ఉపయోగించాలన్నది దాని సారాంశం. 1989లో ఆయన రూపొందించిన 'గేమ్ బాయ్' అనే చేతి యంత్రం రంగులు లేకుండానే పోటీదార్లను మట్టి కరిపించింది. 1981లో అమ్ముడుపోని పెట్టెలకు పట్టిన అదృష్టం కూడా ఈ కోవకు చెందినదే. 1994లో ఆ సిద్ధాంతానికి అతి పెద్ద నిదర్శనం ఒక ఇంగ్లీషు పల్లెటూరి నుంచి వచ్చింది.

పల్లెటూరిలో ఖరీదైన కంప్యూటర్లు

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్ ప్రాంతంలో ట్వైక్రాస్ అనే చిన్న గ్రామం ఉంది. జంతుప్రదర్శనశాల వల్ల ఆ ఊరికి పేరు వచ్చింది. టిమ్, క్రిస్ స్టాంపర్ అనే అన్నదమ్ములు నడిపే 'రేర్' సంస్థ అక్కడ పనిచేసేది. నింటెండో తొలి ఇంటి యంత్రాన్ని ఎవరూ చెప్పకుండానే విప్పి చూసి, దాని గుట్టు తెలుసుకుని ఆటలు రాయడం నేర్చుకున్న నేర్పరులు వారు. లాభాలు వచ్చినప్పుడు వారు సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ వారి అత్యంత ఖరీదైన వర్క్‌స్టేషన్ కంప్యూటర్లను కొన్నారు. 'జురాసిక్ పార్క్' వంటి చలనచిత్రాలలో రాక్షసబల్లులకు ప్రాణం పోసినవి ఆ జాతి కంప్యూటర్లే. చిన్న ఆటల సంస్థకు అది తలకు మించిన వ్యయం.

ఆ కంప్యూటర్ మీద ఒక బొమ్మను మట్టిముద్దను మలచినట్లు అన్ని వైపుల నుంచీ మలచవచ్చు. దాని మీద వెలుగు ఎటునుంచి పడాలో, నీడ ఎక్కడ నిలవాలో నిర్ణయించవచ్చు. అయితే ఆ పని పదహారు బిట్ల ఇంటి యంత్రానికి శక్యం కాదు. రేర్ వారి ఉపాయం ఇక్కడే ఉంది. మలిచే పని, వెలుగునీడల లెక్క అంతా పెద్ద కంప్యూటర్ మీద ముందే పూర్తిచేసేవారు. ఒక్కొక్క భంగిమ చిత్రం సిద్ధం కావడానికి గంటల కొద్దీ పట్టేది. ఆ చిత్రాలను కుదించి, రంగులు తగ్గించి, ఇంటి యంత్రం మోయగల చిన్న బొమ్మలుగా మార్చేవారు. యంత్రం చేయవలసినదల్లా వాటిని ఒకదాని తరువాత ఒకటి చూపడమే. శిల్పిని ఇంటికి పిలవలేని పేదవాడు శిల్పం ఛాయాచిత్రాన్ని గోడకు తగిలించుకున్నట్లన్న మాట. చూసేవారి కంటికి మాత్రం అది చేతితో తడిమి చూడాలనిపించేంత గుండ్రంగా, బరువుగా కనిపించింది.

ఒక బాక్సింగ్ ఆట నమూనా మీద ఈ పద్ధతిని చూపినప్పుడు నింటెండో ప్రతినిధులు విస్తుపోయారు. నింటెండో రేర్‌లో వాటా కొన్నది. ఆ వాటా తరువాత 49 శాతం వరకు పెరిగింది. మూలపడి ఉన్న గొరిల్లా కూడా వారి చేతికి వచ్చాడు.

గుర్రంలా పరుగెత్తిన గొరిల్లా

పన్నెండు మందితో ఒక బృందం ఏర్పడింది. అంతవరకు రేర్‌లో అంత పెద్ద బృందం లేదు. గొరిల్లాలు ఏ విధంగా కదులుతాయో తెలుసుకోవడానికి వారు పక్కనే ఉన్న జంతుప్రదర్శనశాలకు వెళ్ళి గంటల తరబడి చూశారు, చలనచిత్రం తీసుకున్నారు. అంతా చేసి తెలుసుకున్నదేమిటంటే, నిజమైన గొరిల్లా నడక ఇంత వేగవంతమైన ఆటకు పనికిరాదని. చివరకు గుర్రం దౌడును ఆధారం చేసుకొని తమ గొరిల్లాను పరుగెత్తించారు.

ఆట రూపకల్పనకు నాయకత్వం వహించిన గ్రెగ్ మేల్స్, తోటివారు ఘట్టాలను చిన్న చిన్న కాగితాల మీద గీసి, వాటిని వరుసగా అంటించి చూసుకునేవారు. నేర్పరి అయిన ఆటగాడు ఎక్కడా ఆగకుండా పరుగెత్తుతూ పోగలగాలన్నది వారి నియమం. అందుచేత వేలాడే తాడు, దొర్లే చక్రం, గాలిలో తేలే పీపా సరిగ్గా పరుగెత్తుకు వచ్చేవాని చేతికి అందే క్షణానికి అక్కడ ఉంటాయి. భయపడి ఆగినవానికి మాత్రం లయ తప్పుతుంది. గనిలో పట్టాల మీద పరుగెత్తే బండి, లోపలికి దూరినవాణ్ణి ఫిరంగిగుండులా విసిరే పీపా, ఎక్కి స్వారీ చేయడానికి ఒక ఖడ్గమృగం. పదమూడేళ్ళ క్రితం వడ్రంగి మీదికి దొర్లిన పీపాయే ఇప్పుడు గొరిల్లాకు వాహనమైంది, ఆయుధమైంది, దాగుడుమూతల స్థానమైంది.

సంగీత విషయంలోనూ ఇదే పొదుపు. యంత్రంలో శబ్దానికి కేటాయించిన జ్ఞాపకశక్తి మొత్తం 64 కిలోబైట్లు మాత్రమే. స్వరకర్తలలో ముఖ్యుడైన డేవిడ్ వైజ్ స్వరాలను తునకలు చేసి, చిన్న చిన్న శబ్దాలను ఒకదానికొకటి అతికి, నీటి అడుగున సాగే ఘట్టానికి సమకూర్చిన బాణీ ముప్పై ఏళ్ళు దాటిన తరువాత కూడా అభిమానుల నోట నానుతోంది. ఆట మొత్తం, అంటే చిత్రాలు, స్వరాలు, ఘట్టాలు సమస్తం, నాలుగు మెగాబైట్ల కార్ట్రిడ్జ్‌లో ఇమిడిపోయింది. ఈనాడు సెల్‌ఫోనులో తీసే ఒక్క ఫొటోకు పట్టే చోటు అది.

తాతను ఏం చేయాలి?

చిత్రాల సమస్య తీరింది. పాత్ర సమస్య మిగిలింది. 1981 నాటి గొరిల్లా అమ్మాయిని ఎత్తుకుపోయిన దుర్మార్గుడు. ఇప్పుడు అతడు నాయకుడు కావాలి. అతని అరటిపండ్ల రాశిని మొసళ్ళ దండు దోచుకుపోతే దాన్ని తిరిగి సాధించుకోవడం కొత్త కథ. కెవిన్ బేలిస్ అనే చిత్రకారుడు లోతైన కళ్ళు, బలిష్ఠమైన భుజాలు, మెడలో ఎర్రని టైతో కొత్త రూపాన్ని దిద్దాడు. తోడుగా పాత 'జూనియర్'ను కొత్త రూపంలో పెట్టాలని రేర్ వారు తలచారు. అది జూనియర్‌లా లేదని, జూనియర్ కావాలంటే పాత రూపమే ఉంచాలని, లేకపోతే వేరే పాత్రగా పేరు మార్చాలని నింటెండో వారు చెప్పారు. అప్పుడు పుట్టినవాడే ఎర్ర టోపీ పెట్టుకున్న కోతిపిల్ల డిడ్డీ కాంగ్.

మరి పాత గొరిల్లా మాట? సాధారణంగా ఇటువంటి పునరుద్ధరణలలో పాత పాత్ర ముఖానికి కొత్త రంగు పులిమి, మునుపటి చరిత్రను మరిచిపొమ్మని జనానికి చెబుతారు. లేదా పాతదాన్ని అపురూపమైన విగ్రహంలా అలమారలో పెట్టి దండం పెడతారు. రేర్ బృందం ఈ రెండు దారులూ తొక్కలేదు. 1981 నాటి గొరిల్లాను ముసలివాణ్ణి చేసి, చేతికర్ర ఇచ్చి, గడ్డం పెంచి, అడవి మధ్య ఒక గుడిసెలో కూర్చోబెట్టింది. అతని పేరు క్రాంకీ కాంగ్, అంటే చిటపటలాడేవాడు. కొత్త నాయకుడు ఆ పాతవాని వంశాంకురం. ముసలివాడు అతనికి తాతా తండ్రా అన్న విషయంలో తరువాతి కథలన్నీ ఏకీభవించవు గాని, తాతగానే ఎక్కువమంది ఎరుగుదురు.

ఆటగాడు దారిలో ఆ గుడిసెలోకి అడుగుపెడితే క్రాంకీ సణుగుడు మొదలుపెడతాడు. ఇన్ని రంగులు, ఇన్ని హంగులు లేకుండానే తన కాలంలో జనాన్ని రంజింపజేశామని, ఈ కాలపు కుర్రకారుకు చేతకానిదల్లా ఆడంబరంతో కప్పిపుచ్చుకుంటున్నారని ఎత్తిపొడుస్తాడు. తాతకు దగ్గులు నేర్పేవారిని చూసి ఏ తాత అయినా ఆడే మాటలే అవి. అయితే ఆ సణుగుడు మధ్యనే రహస్యమార్గాల జాడ చెబుతాడు. ఓపికపట్టి విన్నవానికి లాభం కలుగుతుంది. ఇంట్లో ముసలివారితో గడిపినవారెవరికీ ఈ అనుభవం కొత్త కాదు.

ఈ ఒక్క పాత్రతో మూడు పనులు నెరవేరాయి. పాత ఆట ఎరిగినవారికి తమ బాల్యం గౌరవం పొందినట్లు తోచింది. ఎరుగని పిల్లలకు ఇంతకు ముందు ఒక కథ ఉన్నదని తెలిసింది. అన్నిటికంటె ముఖ్యం, కొత్త ఆటను విమర్శించదలచినవారు అనబోయే మాటను ఆటే ముందుగా అనేసింది.

నమ్మలేని కళ్ళు

1994 వేసవిలో అమెరికాలో జరిగిన వినియోగ వస్తువుల ప్రదర్శనలో ఈ ఆటను మొదటిసారి చూపినప్పుడు, ఇది రాబోయే కొత్త యంత్రానికి తయారైన ఆట అని ప్రేక్షకులు అనుకున్నారు. ఇళ్ళల్లో ఇప్పటికే ఉన్న పాత యంత్రం మీదనే నడుస్తున్నదని చెప్పినప్పుడు సభలో కలకలం రేగింది. కొత్త యంత్రం కొనవలసిన అవసరం లేదన్న మాటకు మధ్యతరగతి తల్లిదండ్రుల లెక్కలో ఎంత విలువ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. నవంబరులో విడుదలైన ఆట క్రిస్మస్ పండుగ నాటికే లక్షల సంఖ్యలో అమ్ముడైంది. మొత్తం మీద తొంభై లక్షలు దాటి, ఆ యంత్రం మీద అత్యధికంగా అమ్ముడైన ఆటలలో మూడవదిగా నిలిచింది.

నిందలు కూడా వచ్చాయి. కంటికి ఇంపుగా ఉన్నా ఆటలో కొత్తదనం తక్కువని, మెరుగుల మాటున పాత గెంతులే ఉన్నాయని కొందరు అన్నారు. ఈ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. దీనికి సరిజోడుగా చెప్పదగిన మరొక ఆట అదే సంవత్సరం వచ్చింది. గేమ్ బాయ్ చేతి యంత్రానికి నింటెండో స్వయంగా రూపొందించిన 'డాంకీ కాంగ్' మొదట 1981 నాటి నాలుగు ఘట్టాలనే చూపుతుంది. నాలుగవది ముగిశాక కిందపడిన గొరిల్లా లేచి యువతిని మళ్ళీ ఎత్తుకుపోతుంది. అక్కడి నుంచి ఘట్టాల సంఖ్య నూట ఒకటి వరకు సాగుతుంది. చిత్రాలలో ఆడంబరం లేదు, ఆలోచనలో ఉంది. ఒకే ఏడాదిలో ఒకే గొరిల్లాకు రెండు పునర్జన్మలు: ఒకటి రూపంలో, మరొకటి బుద్ధిలో.

ఈ వాదానికి రేర్ వారి జవాబు ముచ్చటైనది. 1995లో గేమ్ బాయ్ కోసం వారు చేసిన 'డాంకీ కాంగ్ లాండ్' కథలో క్రాంకీకి మనవని విజయం చూసి కన్ను కుడుతుంది. మీ గొప్పంతా ఆ బొమ్మల తళుకుదేనని, ఆ హంగులు లేని చిన్న యంత్రం మీద గెలవలేరని పందెం కాస్తాడు. పందెం తీర్చుకోవడమే ఆ ఆట. విమర్శకుల నోటి మాటను తాత నోట పెట్టి, దాన్నే మరొక కథకు విత్తనంగా వాడుకున్నారు.

చేతికర్ర మీద గెంతు

తరువాతి కాలం అందరినీ ఒక దారిన నడపలేదు. యోకోయ్ 1997లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. 2002లో మైక్రోసాఫ్ట్ సంస్థ 37.5 కోట్ల డాలర్లకు రేర్‌ను కొన్నది. గొరిల్లా మాత్రం నింటెండో వద్దనే ఉండిపోయాడు. మళ్ళీ కొన్నేళ్ళు అతని అసలు బాణీ ఆట లేకపోయింది. 2010లో అమెరికాలోని టెక్సాస్‌లో పనిచేసే రెట్రో స్టూడియోస్ వారు 'డాంకీ కాంగ్ కంట్రీ రిటర్న్స్' పేరుతో ఆ బాణీని తిరిగి అందుకున్నారు. 2025 జూలైలో నింటెండో కొత్త యంత్రానికి 'డాంకీ కాంగ్ బనాంజా' వెలువడింది. 1981లో రెండు వేల పెట్టెలు వదిలించుకోవడానికి పుట్టిన బొమ్మకు ఇంత ఆయుష్షు ఉంటుందని గిడ్డంగిలో పలకలు బిగించిన ఆ కొద్దిమందీ తలచి ఉండరు.

వస్తువుకు ముసలితనం వస్తే పారవేయడం సులభం, పూజించడం కూడా సులభమే. దానిలో ఇంకా మిగిలి ఉన్న బలమేదో కనిపెట్టి, దానికి కొత్త పని అప్పగించడం కష్టం. నింటెండో పాత పెట్టెల విషయంలో ఒకసారి, పాత యంత్రం విషయంలో ఒకసారి, పాత పాత్ర విషయంలో మరొకసారి ఆ కష్టమైన దారినే నడిచింది.

2014లో రెట్రో వారు చేసిన 'ట్రాపికల్ ఫ్రీజ్' అనే ఆటలో ముసలి క్రాంకీ గుడిసె వదిలి స్వయంగా రంగంలోకి దిగాడు. ఆటలో అతని విద్య ఒక్కటే. చేతికర్రను నేలకు తాటించి, ముళ్ళ మీద కూడా కాలు నొవ్వకుండా ఎగిరి దూకుతాడు. ముప్పైమూడేళ్ళ క్రితం తాను దొర్లించిన పీపాలను తప్పించుకోవడానికి ఒక వడ్రంగి నేర్చిన గెంతును, చివరకు తాత కూడా నేర్చుకున్నాడు.